బిందె మెడకు ఎర్ర రిబ్బను

ఈ బిందె శానా బరువుండాదక్కా, పాతకాలం ఇత్తడి, ఇప్పుడు యాడ దొరుకుతాది అంటాడు, ఆ బరువు మోసేది నేను కదా, తను కాదు కదా, షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్లు లాగుతున్నాయి, నలభై ఎకరాలు సోలార్‌కు ఇచ్చి కౌలు కూర్చున్నచోటే తీసుకునే మనిషి, క్యాతగానచెర్లులో మూడంతస్తులు లేపి గేటుకు రెండు సింహాలు పెట్టించిన మనిషి, ఈ వెంకటరామప్ప, లక్కీ డ్రాలో ఫస్ట్ ప్రైజుకు ఒక ఫ్రిజ్ ఇవ్వప్పా, కుట్టుమిషనన్నా ఇవ్వప్పా అని మా మహిళా సంఘం తరఫున అడిగితే అటక మీది బిందె దింపించినాడు, భార్య హొన్నూరమ్మ దాని మెడ చుట్టూ ఎర్ర రిబ్బను వెడల్పుగా కట్టి చేతికిచ్చింది, రిబ్బను కడితే పాతది కొత్తదవుతుందా, పొద్దున పావగడలో శనిదేవుడికి నువ్వులనూనె దీపం పెట్టినప్పటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, ఉపవాసం నాడు కోపం తెచ్చుకుంటే ఫలం దక్కదంటారు, అయితే స్వామీ, ఇట్లాంటి మనుషుల్ని శనివారమే నా ముందుకెందుకు తెస్తావు.

పావగడ అంగళ్లవాళ్లు మాత్రం తక్కువా, ఒకడు మడతల దగ్గర రంగు వెలిసిన చీర ఇచ్చినాడు, ఇంకొకడు గోడగడియారం ఇచ్చినాడు, ముల్లు కదలదేమప్పా అంటే ధర్మానికి తీసుకునేవాళ్లకు ఇన్ని ప్రశ్నలెందుకమ్మా అని పక్కనున్నవాడితో నవ్వినాడు, ధర్మమంట, మా ఊళ్లో గొర్రెలు కాసే బోరమ్మ మనవరాలు నయనకు తొమ్మిదేళ్లు, ఫ్లోరైడు బోరునీళ్లు తాగి తాగి కాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర లోపలికి వంగిపోయినాయి, బడికి పోతూ గోడ పట్టుకుని పట్టుకుని నడుస్తుంది, ఇప్పుడు ఆపరేషన్ చేస్తే సక్కగా నిలబడతాది, ఎముక ముదిరితే మా చేతిలో ఉండదు అని బెంగళూరు డాక్టరు వచ్చే నెలకు తేదీ ఇచ్చినాడు, ఆ తేదీ కోసమే ఈ డ్రా, బోరమ్మకు కౌలు రాదు, భూమి ఉంటే కదా కౌలు, ఆమెకు ఉన్నదల్లా మంద, మా బీళ్లలో మేపి మా చేన్లలోనే రాత్రిళ్లు మంద కట్టేవాళ్లు, ఆ ఎరువుతోనే మా వేరుశనగ పండేది, బీళ్లలో సోలార్ పలకలు పరిచి చుట్టూ కంచె వేసినాక మేపేదానికి చోటులేక నూరు గొర్రెలూ అమ్ముకున్నారు, అదిగో ఆటో పక్కనే ఆ పలకలు, ఎండకు కళ్లలో సూదులు గుచ్చుతున్నాయి, ఆ కంచె లోపల మా పన్నెండెకరాలు కూడా ఉన్నాయి, ఉంటే ఏమి, నేను ఎండలో తిరగడంలేదా, నా వంతు నేను చేయడంలేదా.

ఏంది పిన్నమ్మా, బిందె కొన్నావా అంటాడు ఆటో తోలే యోగానంద, అద్దంలో చూస్తూ, కొనలేదప్పా, ఫస్ట్ ప్రైజు అంటే నవ్వు ఆపుకోలేక హ్యాండిలు వదిలేసేట్టున్నాడు, బిందెకు టికెట్టు ఎవడు కొంటాడు పిన్నమ్మా, మా ఇంట్లో ఉండే బిందెలకే నీళ్లు లేవు, పొట్టేలు పెట్టండి, నేనే పది టికెట్లు తీసుకుంటా, మీ ఇంట్లోనే ఉండాది కదా కొమ్ముల పొట్టేలు, నారప్ప చిన్నాయన దానికి ఉలవలు పెడతా ఉంటే చూసినా, నోరు మూసుకుని బండి తోలు అన్నాను, పొట్టేలంట, దసరా దాకా మేపి అమ్మాలని మా ఆయన లెక్కలో ఉంటే, అడిగేదానికి వీళ్లకు మా పెరడే కనపడిందా, అంతలో గుంతలో పడి ఆటో ఎగిరింది, బిందె ఒళ్లోంచి జారబోతే మెడ పట్టుకున్నాను, రిబ్బను చేతిలోకి ఊడొచ్చింది, రిబ్బను కింద చుక్కచుక్కలుగా కొట్టిన కన్నడ అక్షరాలు, రాయచెర్లు నారప్ప అని.

మా ఆయన పేరు, మేమిచ్చిన బిందె, వెంకటరామప్ప కూతురు మంజుశ్రీ పెండ్లిలో మేము చదివించిన బిందె, ఎంత పొగరు, మా బిందెను మాకే దానమిస్తాడా, పేరైనా చూసుకోలేదే, పెండ్లినాటి పసుపు ఇంకా అంచులో ఉంది, ఒక్కరోజన్నా నీళ్లు పట్టిన బిందె కాదిది, యోగానందా ఆటో తిప్పు, ఆ సింహాల మధ్య పడేసి వస్తాను, తిప్పేదెట్లా పిన్నమ్మా, వెనక నలుగురున్నారు అంటాడు, ఒళ్లంతా మండిపోయి మా ఆయన పేరును బొటనవేలితో రుద్దుతున్నాను, తుడిస్తే పోతుందన్నట్టు, వేలికి గరుకుగా ఇంకేదో తగిలింది, పేరు కింద, అరగదీసినచోట, కళ్లకు కనపడదు, వేలికి తెలుస్తుంది, అప్పుడు పేర్లు కొట్టే దేవరాజ్ అన్న మాట గుర్తుకొచ్చింది, పాత పేరు లోతుగా కొట్టించినారక్కా, ఎంత అరగదీసినా మొత్తం పోదు, పోకపోతే పోనీలేప్పా, దానిమీదే మా పేరు కొట్టు అన్నాను, మర్నాడే మంజుశ్రీ పెండ్లి, కొత్తది కొనాలంటే మనసు రాలేదు, అటక మీద వాడని బిందె ఉండనే ఉంది, మా గృహప్రవేశానికి బోరమ్మ ఇచ్చింది, ఆరోజు తలమీద పెట్టుకుని నడిచొచ్చింది, గొర్రెను అమ్మి తెచ్చినా పుట్టమ్మక్కా, నీళ్లు పట్టుకో అంది, పట్టుకుంటాలే అని అటకెక్కించినాను.

ఎవరి మీద స్వామీ ఈ కోపం, పొద్దుననుంచీ ఎవరి మీద, ఏ గడపలో ఏమి ఇవ్వలేదో లెక్క పెట్టుకుంటూ తిరిగినాను, నా గడప ఎక్కలేదు, మా ఆయన అరుస్తాడు, అరవనీ, పెరట్లో ఉలవలు తినే ఆ పొట్టేలు కొమ్ములకు ఈ ఎర్ర రిబ్బను కడతాను, బిందె బోరమ్మ ఇంటికి పోతుంది, పేరు చదివి ఏమంటుందో అననీ, తలవంచుకుని వింటాను, వెంకటరామప్ప అటక మీదనుంచి ఇచ్చినాడు, నేనూ అటక మీదనుంచే ఇచ్చినాను, ఈ బిందెను అంగడికి పోయి ఏరి, కొత్తది కొని ఇచ్చిన మనిషి ఒక్కతే, బోరమ్మ.