చెల్లెలు గీసిన సెలూన్

ఆదివారం సాయంత్రం ఆ రెండు గదుల ఇంట్లో కుర్చీలు చాల్లేదు. పక్కింట్లో అడిగి రెండు తెచ్చారు. వచ్చింది నలుగురే, కానీ నలుగురూ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు. వాళ్ళను నేలమీద కూర్చోబెట్టలేరు. అందరూ ఇంటాయనతో రోజూ పార్కులో నడిచే స్నేహితులే. ఇంటాయన చాలా ఏళ్ళు సెలూన్ నడిపి, చేతులు వణకడం మొదలయ్యాక మూసేశాడు.

"మా అమ్మాయి నా సెలూన్‌ని వీడియో గేములో పెట్టింది. దేశదేశాలవాళ్ళు చూస్తున్నారు, మీరు చూడకపోతే ఎలా?" అని వాళ్ళ చెవుల్లో జోరీగలా రొదపెట్టి, చివరికి ఆ రోజు ఇంటికి రప్పించాడు.

అమ్మాయి గేములకు బొమ్మలు వేసే స్టూడియోలో పనిచేస్తుంది. ఒక పెద్ద కంపెనీ తన కొత్త గేము కోసం పాతకాలపు వీధి కావాలంటే, ఆ వీధిలో తండ్రి సెలూన్‌ని గీసింది. ఆమె అన్నయ్య ఆ కంపెనీలోనే ఉద్యోగి. ఈ దేశంలో ఏ గేము ఎంతకు అమ్మాలో తేల్చే విభాగానికి అధికారి. ఆ సాయంత్రం అతనూ వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

టీవీకి కంప్యూటర్ తగిలించి అమ్మాయి గేము మొదలుపెట్టింది. తెరమీద వీధి సాగింది, మలుపు తిరిగింది, ఒక తలుపు తెరుచుకుంది. లోపల ఎదురెదురుగా రెండు అద్దాలు, వాటి మధ్య గుండ్రంగా తిరిగే కుర్చీ. కుర్చీ చేతిమీద రెగ్జిన్ చిరిగి, మేకు తల బయటికి కనిపిస్తోంది.

"ఓరి, ఆ మేకు కూడా వేసిందిరా!" అన్నాడు రిటైరైన పోస్ట్‌మాన్. "నా రెండు చొక్కాలు మింగింది అది."

"చొక్కాల సంగతి తర్వాత. అప్పట్లో నీ నెత్తిన జుట్టుండేది. ముందు దానికోసం ఏడు" అన్నాడు ఇంటాయన. అందరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వు ఆగకముందే తెర నల్లబడింది. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ఏం రాశారమ్మా?" అని తండ్రి కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. ఊరందరి ఉత్తరాలూ చదివిపెట్టిన అలవాటున్న పోస్ట్‌మాన్ గట్టిగా చదివాడు:

"ఇది దొంగ కాపీ. ఈ గేమును తయారుచేసినవారి కష్టాన్ని దోచుకోకండి."

చదివాక గానీ ఆయనకు తను ఏం చదివాడో తెలియలేదు. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేదు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. "టీ బాగుందమ్మా" అన్నాడు ఇంకొకాయన, ఇంకా ముట్టుకోని కప్పు పక్కన పెట్టి. నలుగురూ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

"కొనుక్కున్నావనుకున్నానే అమ్మా..." అన్నాడు తండ్రి. వెంటనే గొంతు పెంచాడు. "అది మీ అన్నయ్య కంపెనీ సొత్తు. వాడి కళ్ళముందే ఇంత పని చేశావు. వాడికి క్షమాపణ చెప్పు."

ఆమె తల వంచుకుని అన్నయ్య ఎదుటికొచ్చి నిలబడింది.

"తప్పయింది అన్నయ్యా. బొమ్మలు వేసిన మాకు ఒక్క కాపీ కూడా ఇవ్వలేదు. కొందామంటే నా జీతంలో మూడో వంతు అవుతుంది. మీ హెడ్డాఫీసు ఉన్న దేశంలో ఒక పూట హోటలు భోజనం మానేస్తే దీన్ని కొనుక్కోవచ్చట. మనకంటే ఎంతో కలిగిన దేశం కదా, అక్కడికంటే ఇక్కడ ధర రెట్టింపు ఎందుకో నాకర్థం కాలేదు. నాన్నేమో రోజూ ఎప్పుడు చూపిస్తావని అడుగుతున్నాడు. కొనలేనని చెప్పడానికి నోరు రాలేదు."

ఎందుకో అతనికి తెలుసు. ఆ కలిగిన దేశంలో పోటీ కంపెనీలు ఎక్కువ కాబట్టి ధర దిగింది. ఇక్కడ అంతకంటే తక్కువకే అమ్మమని హెడ్డాఫీసు సూచించింది. దాన్ని కాదన్నది అతనే. "ఇక్కడి జనం ఎలాగూ దొంగ కాపీలే ఆడతారు. కొనేది డబ్బున్న నలుగురు. వాళ్ళకు ఎంతైనా ఒకటే, రెట్టింపు పెడదాం" అని మీటింగులో చెప్పాడు. అందరూ భేష్ అన్నారు.

కనీసం ఇప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పాడు.

"సర్లే, ఇంకోసారి చెయ్యకు" అన్నాడు.

పెద్దమనసుతో క్షమించినవాడిలా అన్నాడు! మనలో ఎంతమందిమి ఇలా మన తప్పుకు పక్కవాళ్ళను క్షమించి, పెద్దమనుషులుగా చలామణీ అవుతున్నామో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

"థాంక్స్ అన్నయ్యా" అంది చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ. అతని చెవులు వేడెక్కాయి. అక్కడ ఇంక నిలబడలేక బయటికొచ్చేశాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే పై అధికారి గదిలోకి నడిచాడు.

"ఇక్కడి ధర తగ్గించాలి సార్."

"ఇదేంటయ్యా కొత్తగా? ఇక్కడివాళ్ళంతా దొంగలని నువ్వేగా అన్నావు?"

"అన్నాను సార్. ఆ దొంగల్లో ఒకమ్మాయి ఈ గేములో వీధి గీసింది. మా చెల్లెలు."

అధికారి లేచి తలుపు మూశాడు. "ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు. అమ్మాయి ఉద్యోగం పోతుంది" అన్నాడు మెల్లగా. ఆయన దయ అంతవరకే. ధర సంగతి అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నాడు.

అతను ఊరుకోలేదు. అప్పుడు తను చేసిన వాదన తప్పని ఒప్పుకుంటూ, ధర తగ్గించాలని కోరుతూ నేరుగా హెడ్డాఫీసుకు రాశాడు. సాయంత్రం తిన్నగా తండ్రి ఇంటికి వెళ్ళాడు. పార్కుకెళ్ళే వేళ దాటిపోయినా ఆయన బనీనుతోనే కూర్చుని ఉన్నాడు.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావురా?"

"చొక్కా వేసుకో నాన్నా. చెల్లీ, నువ్వూ రా."

పార్కులో నలుగురు స్నేహితులూ బెంచీమీదే ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు. ధర రెట్టింపు చేసింది తనేనని, మీటింగులో అన్న మాటలతో సహా చెప్పాడు. "నిన్న తల దించుకోవాల్సింది నేను. మా చెల్లెలు దించుకుంది" అన్నాడు.

"మరి నిన్నే చెప్పలేదేం బాబూ?" అన్నాడు పోస్ట్‌మాన్.

"సిగ్గేసింది."

తండ్రి వణికే చేతిని కూతురి తలమీద పెట్టాడు. "నీ చేత క్షమాపణ చెప్పించాను కదమ్మా" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. ఉండి ఉంటే కొడుక్కి కాస్త తేలికయ్యేది.

"దొంగ కాపీ తప్పేరా. నా కూతురు చేసినా తప్పే. కానీ ఉన్నవాడికి తక్కువకిచ్చి, లేనివాడి దగ్గర రెట్టింపు గుంజడం అంతకంటే ముందు జరిగిన తప్పు. కొనలేని ధర పెట్టినవాడికి, కొనలేనివాణ్ణి దొంగ అనే హక్కు లేదు."