మైదానం తెలుగు

ఎడ్విన్ రాజు ఆడే రోజుల్లో ఎదుటి జట్టు స్ట్రైకర్లు అతనున్న వైపు రావడానికి జంకేవారు. బర్మాలోని యాంగాన్ క్లబ్బులో సెంటర్ బ్యాక్‌గా ఆడినన్నాళ్ళూ ముక్కు విరిగింది, మోకాలు పోయింది, భయం మాత్రం ఏనాడూ వేయలేదు. అలాంటి మనిషికి ఇప్పుడు, ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో కుర్రాళ్ళకి ఫుట్‌బాల్ నేర్పే ఉద్యోగంలో, రోడ్డు మీద వ్యాను నెమ్మదించిన చప్పుడు వినబడితే చాలు, గుండె గుభేలుమంటోంది.

కారణం అందరికీ తెలిసిందే. పద్దెనిమిది నిండిన మగపిల్లల్ని సైన్యంలోకి తీసుకునే చట్టం అమల్లోకి వచ్చాక ఆ ఈడు కుర్రాళ్ళు వీధుల్లో కనబడటం తగ్గిపోయింది. మరి ఎడ్విన్ రాజు ఉద్యోగమేమిటి? సరిగ్గా ఆ ఈడు వాళ్ళనే, అందులోనూ కాళ్ళలో సత్తా ఉన్నవాళ్ళని ఏరి, ఒకే రంగు చొక్కాలు తొడిగి, చిమిండైంగ్‌లో నది ఒడ్డున కంచె కూడా సరిగ్గా లేని మైదానంలో రోజూ సాయంత్రం నిలబెట్టడం. వ్యానుల్లో వచ్చి పట్టుకుపోయేవాళ్ళకి ఇంతకంటే మేలు ఎవరు చేస్తారు? జట్టు ఎత్తేద్దామని ప్రిన్సిపాల్‌తో చెప్పి చూశాడు. కాలేజీ పోస్టరు మీద జట్టు ఫొటో ఉండి తీరాలని ఆయన, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కిపోతుందని కుర్రాళ్ళు, ఎవరూ ఒప్పుకోలేదు.

జట్టులో తెలుగు పిల్లాడు ఒక్కడే, సూరి. కుడి వింగ్‌లో ఆడతాడు. తండ్రి ఓడల్లో పనిచేస్తాడు, ఏడాదికోసారి ఇంటికొస్తే గొప్ప. తల్లి సత్యశ్రీ మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. రాజు చర్చికి వెళ్ళే మనిషి, ఆమె గుడికి వెళ్ళే మనిషి. అయినా ఇద్దరి తాతలూ తెలుగునేల నుంచి వచ్చి ఒకే రేవులో బస్తాలు మోసినవాళ్ళు కాబట్టి ఆమె అతన్ని అన్నా అనే పిలుస్తుంది. కొడుకుని జట్టులో చేర్చిన రోజున ఆమె ఎక్కువ మాట్లాడలేదు.

"ఆటకి నీ ఎనకాల పంపతన్నానన్నా. మళ్ళీ ఇంటికి తెచ్చీవలసింది కూడా నువ్వే" అంది.

ఆ మాట అప్పటి నుంచీ అతని నెత్తిన కూర్చుంది. దించుకోవడానికి లేదు.

ఇక్కడ మైదానం తెలుగు సంగతి చెప్పాలి. క్లబ్బులో ఆడేటప్పుడు రాజు పక్కన కెల్విన్ అనే తన్లిన్ ఊరి తెలుగువాడొకడు ఉండేవాడు. ఇద్దరూ తెలుగులో కేకలేసుకుంటూ ఆడేవారు. ఎదుటివాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కోచ్ అయ్యాక రాజు ఆ కిటుకునే తన బర్మా కుర్రాళ్ళకి నేర్పాడు. రా, ఆగు, పరిగెట్టు లాంటి నాలుగైదు మాటలు, అంతే. మొదటి ఏడాది బాగానే గెలిచారు. రెండో ఏడాది ఒక కాలేజీ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. ఆ జట్టు గోల్‌కీపర్ తెలుగువాళ్ళ పిల్లాడని, రాజు కేక వేసినప్పుడల్లా తనవాళ్ళకి బర్మీస్‌లో అందించేశాడని ఆట అయిపోయాక తెలిసింది. రాజుకి ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి మాటల్ని తిరగేశాడు. ఆగు అంటే పరిగెత్తాలి. పరిగెట్టు అంటే ఉన్నచోటే నిలబడాలి. రా అంటే రాకూడదు. బర్మా పిల్లలకి ఏ మాటైనా ఒకటే కాబట్టి వారం తిరక్కుండానే పట్టుబడింది.

చిక్కంతా సూరితోనే వచ్చింది. ఆగు అన్న మాట పుట్టినప్పటి నుంచీ తల్లి నోట విన్నవాడు, వినగానే ముందు ఆగిపోయేవాడు, ఆ తర్వాత గుర్తొచ్చి పరిగెత్తేవాడు. ఆ లిప్తపాటులో బంతి కాస్తా పోయేది. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక కూడా రాజు అతనొక్కణ్ణే ఉంచి, ఆగు ఆగు అని కేకలేస్తూ మైదానమంతా తిప్పేవాడు. చివరికి ఎంత వంటబట్టిందంటే, ఒక రోజు సత్యశ్రీ ఫోన్ చేసి దెబ్బలాడింది. గొడుగు మరిచిపోయాడని మెట్ల మీంచి ఆగరా అని పిలిస్తే పిల్లాడు వీధి చివరిదాకా పరుగో పరుగట. మాటలన్నీ తిరగేసి నా కొడుకుని నాకు కాకుండా చేశావని నవ్వుతూనే అంది. రాజూ నవ్వాడు. ఈ ఏడాది మొత్తం మీద అతను మనసారా నవ్వింది బహుశా అదొక్కసారే.

భయం ముదిరాక అవే మాటల్ని ఇంకో పనికి కూడా దాచి ఉంచాడు. వ్యాను వస్తే తాను ఆగండి అని కేకేస్తాడు. బంతి ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ వెనకున్న బజారు సందులోకి పడి పారిపోవాలి. ఎవరికి వారు తలదాచుకునే చోటు చూసుకున్నారు. సూరికి మాత్రం రాజే తన్లిన్‌లో కెల్విన్ ఇల్లు చెప్పాడు. కెల్విన్ ఇప్పుడక్కడ రేవులో సెక్యూరిటీ గార్డు. ఫోన్‌లో వివరాలు మాట్లాడే ధైర్యం లేక, ఎప్పుడైనా ఒక పిల్లాడొస్తే నాలుగు రోజులుంచుకోమని మాత్రం అతనితో అన్నాడు.

ఆ సాయంత్రం వాన వెలిసి మైదానం బురదగా ఉంది. కుర్రాళ్ళు కార్నర్ కిక్కులు కొడుతున్నారు. రాజు రోడ్డుకి వీపు పెట్టి నిలబడ్డాడు. అన్ని నెలలుగా వ్యాను చప్పుడు కోసమే చెవులు రిక్కించినవాడు, తీరా ఆ రోజున కుర్రాళ్ళ కేకల్లో వినిపించుకోలేదు. తిరిగి చూసేసరికి తెల్ల వ్యాను కంచె విరిగినచోట నుంచి గడ్డి మీదికే వచ్చేసింది. ముందు దిగినవాడు కూర్మనాథం, వార్డు ఆఫీసు పనుల మీద తిరిగే తెలుగు మనిషి. అతని వెనక దిగినవాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి.

చెప్పవలసింది ఒకే ఒక్క మాట. నిద్రలో లేపి అడిగినా చెప్పగలనని అనుకున్న మాట. కానీ తుపాకులు కళ్ళబడేసరికి మైదానం తెలుగు ఎక్కడికి పోయిందో పోయింది. అమ్మ నేర్పిన తెలుగే గొంతు చించుకుని వచ్చింది.

"పరిగెట్టండి" అని అరిచాడు.

కుర్రాళ్ళు నిలబడిపోయారు. ఫ్రీ కిక్‌కి గోడ కట్టినట్టు, అతను నేర్పినది నేర్పినట్టుగా, ఒక్కడూ కాలు కదపకుండా నిలబడి, తర్వాతి మాట కోసం అతని ముఖంలోకి చూస్తున్నారు. తుపాకులవాళ్ళకి తొందరపడే అవసరం కూడా లేకపోయింది. తాపీగా నడిచి వస్తున్నారు. రాజుకి తాను చేసింది అర్థమైంది. సరైన మాట కోసం నోరు తెరిచాడు. ఏది ఏ తెలుగో తికమకపడిపోయాడు. అందర్నీ నా చేత్తో నేనే అప్పగించేశాను అనుకున్నాడు.

అప్పుడు కుడి చివర నుంచి సూరి గొంతు లేచింది. "ఆగండి. అందరూ ఆగండి."

క్షణంలో మైదానం ఖాళీ అయింది. చొక్కాలన్నీ సందులోకి దూరిపోయాయి, వెనకే సూరి కూడా. ఆగిపోయింది రాజు ఒక్కడే. ఆ కేకకి అర్థం తెలిసి కూడా అతని కాళ్ళు నిజంగానే ఆగిపోయాయి.

తుపాకులవాళ్ళు సందులోకి వెంటపడ్డారు గానీ బజారు జనంలో ఎవర్నీ పట్టుకోలేక తిట్టుకుంటూ తిరిగొచ్చారు. వీడేమని అరిచాడని కూర్మనాథాన్ని అడిగారు. అతను రాజు వైపు ఒకసారి చూసి, ఆగమనే అరిచాడు, పిల్లలే వినలేదు అని చెప్పాడు. రాజు ప్రాణం కుదుటపడబోయింది. ఇంతలో కూర్మనాథం భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"నువ్వేటన్నావో నాను ఇన్నాను సయా" అన్నాడు. సయా అంటే ఆ ఊళ్ళో పంతులుగారని, కుర్రాళ్ళూ అతన్ని అలాగే పిలుస్తారు. "పరిగెట్టమన్నావు. ఆ ముక్క ఈళ్ళకి సెప్తే నీ బతుకు ఏటవుద్దో నీకు తెల్సు. మా వార్డు నుంచి నాకు ఒక్క కుర్రోడు కావాల. సత్యశ్రీ కొడుకు బుద్ధిమంతుడు, పాపం అందర్నీ ఆగమన్నాడు. బెదిరిపోయి ఆడూ పారిపోయినాడు గానీ, నువ్వు పిలిస్తే వస్తాడు."

కూర్మనాథం రాక్షసుడేమీ కాదు. వార్డు నుంచి ఎవరినీ చూపించకపోతే తన అల్లుణ్ణి పట్టుకుపోతారని అతని బెంగ. భయపడ్డవాడు ఇంకొకణ్ణి భయపెట్టి బతకడం ఇప్పుడు ఊరంతా జరుగుతున్నదే.

సత్యశ్రీ కాపురం పాత మేడలో మూడో అంతస్తు. వ్యాను వీధి మొగలో ఆగింది. కూర్మనాథం రాజుని ముందు నడిపించుకుని మెట్లెక్కాడు. ఆమె అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, మెడలో ఫ్యాక్టరీ కార్డు ఇంకా తియ్యలేదు. సంగతి సగం వినేసరికే ముఖం పాలిపోయింది. టీ పెడతానని లోపలికి వెళ్ళింది గానీ స్టవ్ వెలిగించిన చప్పుడు రాలేదు. సూరి తన ఫోన్‌ని సంచితో పాటు మైదానంలోనే వదిలేశాడు. ఎప్పటికైనా తల్లికి ఫోన్ చేయకపోడని కూర్మనాథం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అనుకున్నట్టే ఫోన్ మోగింది. తెలియని నంబరు. కూర్మనాథం దాన్ని బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి, మాట్లాడమని రాజుకి సైగ చేశాడు. బస్సుల రొద మధ్య సూరి గొంతు సన్నగా అమ్మా అంది. నేనురా అన్నాడు రాజు.

"సయా, ఇంటికి వచ్చీమంటారా?"

సత్యశ్రీ గుమ్మం పట్టుకుని రాజు నోటి వంకే చూస్తోంది. వద్దంటే కూర్మనాథం ఇప్పుడే కిందికి దిగి వ్యానువాళ్ళకి చెప్పవలసింది చెప్పేస్తాడు. రా అంటే? మైదానంలో అయితే భయం లేదు. కానీ ఇది పిల్లాడి ఇల్లు, వాళ్ళమ్మ ఫోను. పైగా తానే ఈ సాయంత్రం అందరి ముందూ అసలు తెలుగులో అరిచి చెడగొట్టాడు. ఇప్పుడు తన నోట వచ్చే మాటని సూరి ఏ తెలుగుగా తీసుకుంటాడు? కూర్మనాథం కళ్ళు తన మీదే ఉన్నాయి. ఇంకో ముక్క కలపడానికి వీల్లేదు.

"రా నాన్నా" అన్నాడు. "ఏటీ భయం లేదు. రా."

ఒకప్పుడు సూరి బంతి పోగొట్టుకున్న ఆ లిప్తపాటే మళ్ళీ గడిచింది.

"అలగే సయా. వచ్చీస్తన్నాను" అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

వస్తున్నాననే మాట కూడా రెండు తెలుగుల్లో ఉంది. అది ఏ తెలుగో రాజుకి తెలియలేదు. కూర్మనాథం తేలికపడి కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ తర్వాత మెట్ల మీద ఎవరి అడుగు పడినా రాజుకి చెమటలు పట్టాయి. ఎవరో గ్యాస్ సిలిండరు మోసుకుంటూ పైకి పోయారు. ఎవరో పిల్లలు దబదబా దిగారు. ఒకసారి అడుగులు సరిగ్గా తలుపు ముందే ఆగాయి, తాళంచెవులు గలగలమన్నాయి, పక్కింటి తలుపు తెరుచుకుంది. ప్రభువా, వాణ్ణి రానివ్వకు అని రాజు లోపల్లోపల వేడుకున్నాడు. సత్యశ్రీ కూడా పెదవులు కదుపుతూ ఏ దేవుణ్ణో పిలుస్తోంది. కన్నతల్లే కొడుకు ఇంటికి రాకూడదని మొక్కుకుంటోంది.

దీపాలు పెట్టే వేళకి కింద వ్యాను హారన్ కొట్టింది. వాళ్ళు ఇంకా వేరేచోట్లకి వెళ్ళాలట. కూర్మనాథం విసుక్కుంటూ లేచి, పొద్దున్నే వస్తానని, పిల్లాడొస్తే ఇక్కడే ఆగమని చెప్పమని హెచ్చరించి దిగిపోయాడు. సత్యశ్రీ తలుపు గడియ పెట్టి దానికే ఆనుకుని నిలబడింది.

"ఆడికి నీ తెలుగు ఇనబడిందా, నా తెలుగు ఇనబడిందా అన్నా?" అని అడిగింది.

రాలేదంటే తన్లిన్ వెళ్ళాడని అర్థం కావచ్చు. ఇంటికని బయల్దేరి దారిలో దొరికిపోయాడనీ కావచ్చు.

అప్పుడు అతని జేబులో ఫోన్ మోగింది. కెల్విన్. ఆయాసపడుతున్నాడు. "ఎవడ్రా నువ్వు పంపినోడు? గుమ్మం దాకా వచ్చినాడు. నా యూనిఫారం సూసి బెదిరిపోయి ఎనక్కి తిరిగినాడు. ఆగరా, ఆగు అని అరస్తంటే ఇంకా జోరుగా పరిగెడతన్నాడు."

రాజు లేచి నిలబడ్డాడు. సందు చివర ఏముందని అడిగాడు. మెయిన్ రోడ్డు, అక్కడే చెక్‌పోస్టు అన్నాడు కెల్విన్.

"పరిగెట్టమని కేకెయ్యి."

"ఏటి?"

"పరిగెట్టు, పరిగెట్టు అని కేకెయ్యి కెల్విన్. గట్టిగా."

ఫోన్‌లో చెప్పుల టపటపలు వినబడ్డాయి. ఒకప్పుడు స్టేడియం ఈ చివర నుంచి ఆ చివరికి వినబడిన గొంతు, ఇప్పుడు బొంగురుపోయి, పరిగెట్టు, పరిగెట్టరా అని సందంతా మారుమోగేలా అరిచింది. కుక్కలు మొరిగాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. సత్యశ్రీ వచ్చి అతని చేతిని ఫోన్‌తో సహా పట్టుకుంది.

"నిలబడిపోయినాడు" అన్నాడు కెల్విన్ చివరికి. "రోడ్డుకి ఇటేపే, గోడకానుకుని నిలబడిపోయినాడు. వణికిపోతన్నాడు. ఇప్పుడు రమ్మని పిలవనా?"

"వద్దు" అన్నాడు రాజు. "ఏ మాటా అనకు. నువ్వే ఎల్లి సెయ్యట్టుకుని తీసుకుపో."