దేవుడి గది వెనక గోడ

"కాఫీలు మూడు. సిద్ధాంతి గారికి చక్కెర వద్దు," అని లోపలి గదిలోంచి మా ఆయన ధర్మేంద్ర కేకేశాడు. తిరుచానూరు లాడ్జికి వేసిన గాలి లెక్కను అలాగే స్క్రీను మీద వదిలి లేచాను. బిల్డింగుల ఇంజనీరింగులో ఎం.టెక్ చదివింది నేను, బోర్డు మీద పేరు ఆయనది. తొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసులో లెక్క నాది, సంతకం ఆయనది, కాఫీ మళ్లీ నాది. వ్యాపారంలో ఇలాంటి వాటాకు ఎవరూ ఒప్పుకోరు. పెళ్లిలో ఒప్పుకుంటారు.

లాడ్జి ఓనరు దామోదరం ఎనిమిది అంతస్తులు కడుతున్నాడు. మొదట మామూలు నలుచదరం ప్లానే. ఈశాన్యం పెంచాలని వాస్తు చూసే సిద్ధాంతి అనడంతో ఆ మూల నుంచి ఉత్తరానికి ముప్పై అడుగుల రెక్క లాగారు. ఇంజనీర్ల కోడు పుస్తకంలోని గాలి పట్టికలు నలుచదరం బిల్డింగులకు రాసినవి. ఇట్లా మడత పడిన బిల్డింగును తుఫాను గాలి మెలిపెడుతుంది. లిఫ్టు గోడలన్నీ నైరుతిలో ఉన్నాయి, రెక్కను పట్టుకునేది ఏమీ లేదు. రెక్క చివర పునాది నుంచి పైదాకా కిటికీ లేని కాంక్రీటు గోడ రావాలి. మూడుసార్లు లెక్క చేశాను, మూడుసార్లూ అదే వచ్చింది.

మూడు రోజుల కిందట ఈ మాట చెబితే ధర్మేంద్ర కంచంలోంచి తల ఎత్తలేదు. "నలుచదరం పట్టికే వేసెయ్. ఆడ కొండ కనపడేట్టు అద్దాలు పెట్టాలని ఓనరు ఆశ. గోడంటే ఇంకో ఇంజనీరు దగ్గరికి పోతాడు." పక్కనుంచి మా అత్త దేవకమ్మ, "గాలికి గూడా లెక్కలేమే? పప్పులో ఉప్పు సూసుకో, సాలు," అని నవ్వింది. పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంది.

కాఫీ తీసుకెళ్లేసరికి మా ఆయనా దామోదరమూ బయట ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. సిద్ధాంతి ఒక్కడే ఉన్నాడు. మా నాయన చిత్తూరులో బెల్లం వ్యాపారి. మంచి సరుకైనా కొనేవాడు నమ్మిన నోటితోనే అమ్మించాలి అనేవాడు.

"స్వామీ, ఈశాన్యంలో, ఆ రెక్క చివర దేవుడి గది వస్తుంది కదా. దాని వెనక గోడకు పైదాకా కిటికీలు పెట్టొచ్చా?"

ఆయన గ్లాసు దించాడు. "చెప్పేదేదో తిన్నగా చెప్పమ్మా."

రెక్క గురించీ గాలి గురించీ అంతా చెప్పాను. ప్లాను తిప్పి చూశాడు. "మీ ఆయన్నే చెప్పమనొచ్చు కదా?"

"ఆయన చెప్తే ఓనరు వినడు. నేను చెప్తే ఆయన వినడు. మీరు చెప్తే ఇద్దరూ వింటారు."

పది నిమిషాల్లో పనైపోయింది. దేవుడి గది వెనక గోడకు పైదాకా కన్నం పడకూడదని సిద్ధాంతి అన్నాడు. దామోదరం చెంపలేసుకున్నాడు, అద్దాల ఊసే ఎత్తలేదు.

వాళ్లను సాగనంపి ధర్మేంద్ర నా దగ్గరికొచ్చాడు. "సూసినావా, ఇంజనీరింగు సదవకపోయినా ఆ స్వామికి ఎంత తెలివుండాదో. ఆ గోడకు ఒక లెక్క వేసిపెట్టు, ఫైల్లో ఉండాల."

సరేనన్నాను. చేసిపెట్టిన కాగితమే తీసి తారీఖు మార్చాను.

రేణిగుంట రోడ్డులో రాబోయే కల్యాణ మండపం ప్లాను టేబుల్ మీద అప్పటికే ఉంది. నెలవంక ఆకారం. ఆ పట్టికల్లో దానికీ చోటు లేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. సిద్ధాంతి ఫోన్ నంబరు మాత్రం ఆయన్నే అడిగి తీసుకున్నాను.