వాల్వుకి బిగించిన బిరడా

గీజర్లు బాగుచేసే మేస్త్రీ సంచిలో రెండు పానాలు, ఒక టెస్టరు, రబ్బరు గొట్టం ఉంటాయి. అయితే పనికి దిగాక ఆయన చెయ్యి ముందు పడేది దూది ఉండ మీదే. అందుకే ఆయన్ని అందరూ దూది మేస్త్రీ అంటారు. తలుపేసుకుని స్నానం చేస్తూ మనుషులు అనుకునే మాటలన్నీ గీజరు నీళ్ళలోకి దిగి కూర్చుంటాయి గదా, ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు అవి నీళ్ళతో పాటే బయటికొస్తాయి. ఎవరింటి గోల మనకెందుకు? చెవుల్లో దూది పెట్టుకుని, గొట్టం తూములోకి వదిలేసి, పని చూసుకోవడమే. ఆయనకి పని నేర్పినాయన మొదటిరోజు చెప్పిన సంగతి ఇదే.

ఆ గురువారం మొదటి ఇంట్లో ముసలావిడ, "మా ఆయన పాటలన్నీ అందులోనే ఉన్నాయి నాయనా. ఒక్కటీ శ్రుతిలో ఉండి చావదు, పోనియ్ తూములోకి" అని నవ్వింది. అక్కడ పని ముగించుకుని మేస్త్రీ చెల్లెలింటికి బయల్దేరాడు. "బావా, గీజరు ఒకటే గురగుర. ఓసారి చూసిపో" అని చెల్లెలి మొగుడు ఫోన్ చేశాడు మరి.

మూడో అంతస్తు ఎక్కి తలుపు ముందు ఆగాడు. తలుపుకి బయటివైపు కొత్త గొళ్ళెం ఉంది.

"ఇదేంటి బావగారూ?"

"దొంగల భయం బావా."

ఇంట్లో మనుషులుండగా, దొంగల భయానికి గొళ్ళెం బయట పెట్టుకునేవాణ్ణి ఎక్కడైనా చూశామా! పరాయి ఇళ్ళలో గీజరు మీద తుప్పు మరక కనిపిస్తే పది ప్రశ్నలడిగే మనిషి, ఇక్కడ ఒక్కటి అడిగి ఊరుకున్నాడు.

చెల్లెలు మంచినీళ్ళు తెచ్చింది. సగమైపోయింది మనిషి.

"బాగున్నావా అమ్మాయ్?"

"బాగానే ఉన్నా అన్నయ్యా."

"పాపేదీ?"

"ఇవాళ ఆఖరి పరీక్ష. పన్నెండున్నరకి వదులుతారు." గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మేస్త్రీ ముందు స్విచ్చి ఆపకుండానే ట్యాంకుకి చెవి ఆనించాడు. ఇనుము లోపలి మాటలు బయటికి వినపడవు, రొద మాత్రం వినపడుతుంది. అడుగున ఉప్పు పేరుకుంటే చిటపటలాడుతుంది. ఇది అలా లేదు, గొంతు పట్టేసిన మనిషి మూలుగులా ఉంది. స్విచ్చి ఆపి, టెస్టరు ఆనించి చూశాడు. షాకు లేదు. అతుకు వెంబడి ఎర్రటి చార దిగింది. ట్యాంకు పొట్ట ఉబ్బింది. గోడ బోల్టులు కూడా వంగాయి. అప్పుడు చూశాడు సేఫ్టీ వాల్వు వంక. దాని మూతికి ఇత్తడి బిరడా బిగించి ఉంది. బిగించింది ఎవరో కాదు, తనే.

లోపల ఒత్తిడి పెరిగితే చుక్కచుక్కగా వదలడమే వాల్వు పని. పోయినేడాది ఇది అలాగే కారేది. చుక్కకో మాట చొప్పున చెల్లెలి మాటలు గొట్టంలోంచి మెట్ల పక్క తూములో పడేవి. "మెట్లెక్కే వాళ్ళందరూ ఆగి మరీ వింటున్నారు బావా, పరువు పోతోంది" అన్నాడు చెల్లెలి మొగుడు. వాల్వు మూయడమంత తప్పుడు పని ఇంకోటి లేదని మేస్త్రీకి తెలుసు. వేరే ఇంట్లో అయితే చచ్చినా చెయ్యడు. చెల్లెలి కాపురం గదా అని, దూది పెట్టుకుని బిరడా బిగించేశాడు.

ఇప్పుడు మళ్ళీ దూది పెట్టుకుని, గొట్టం సర్ది, బిరడాని జాగ్రత్తగా అర చుట్టు తిప్పాడు. అంతే! ఏడాది నీళ్ళు ఎగిరి మొహాన కొట్టాయి. దూది తడిసి జారిపోయింది.

"అన్నయ్య వస్తే చెబుతాను" అన్నాయి నీళ్ళు, చెల్లెలి గొంతుతో. కాసేపటికి, "అన్నయ్యకి చెప్పాను. సర్దుకోమన్నాడు."

మేస్త్రీ తడి నేల మీదే కూలబడ్డాడు. దూది అందేంత దూరంలోనే ఉంది. తీసుకోలేదు.

"ఇవాళా గొళ్ళెం పెట్టి పోయాడు. పాపకి జ్వరం. మందు తెమ్మని కిటికీలోంచి ఎవర్ని పిలవను?" ఇలాంటివి ఎన్నో, ఎన్నెన్నో. నీళ్ళు పల్చబడి, చివరికి తుప్పునీళ్ళొచ్చాయి. "గురువారంతో పాప పరీక్షలు అయిపోతాయి. గురువారం మధ్యాహ్నం దాకా బతికుంటే చాలు. ఆ తర్వాత దాన్ని అన్నయ్య చూసుకుంటాడు."

టైము పదకొండు దాటింది. మేస్త్రీ గోడ పట్టుకుని లేచాడు.

"అయిందా బావా? గురగుర ఆగిందా?" అన్నాడు చెల్లెలి మొగుడు. మొహం పాలిపోయింది, అతనూ విన్నాడు.

"ట్యాంకు పోయింది. ఇవాళో రేపో పగులుతుంది. చెల్లినీ పాపనీ మా ఇంటికి తీసుకెళ్తున్నా."

"నా ఇంట్లోంచి అది కదలదు."

మేస్త్రీ వంటింట్లోకి వెళ్ళి చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు నిలబడి, పొయ్యి ఆపి, అన్న వెంట వచ్చింది. మొగుడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. మేస్త్రీ అతన్ని పక్కకి జరిపి తలుపు తీశాడు.

మెట్ల నిండా జనం. పైవాళ్ళూ కిందివాళ్ళూ, ఎదురింటావిడ తడి చేతులతోనూ. ఏడాది మాటలూ తూములోంచి వినేశారు. ఎదురింటావిడ గొళ్ళెం వంకా, చెల్లెలి మొగుడి వంకా చూసింది. అతను తల దించుకుని లోపలికి జరిగాడు. జనం దారిచ్చారు.

బడి గేటు దగ్గరికి చేరేసరికి ఇంకా అరగంట టైముంది. ఇద్దరూ గోడ నీడన నిలబడ్డారు.

"అన్నీ విన్నావా?" అంది చెల్లెలు.

"విన్నానమ్మా. దూది జారిపోయింది."

ఆమె గేటు వంకే చూస్తోంది.

"పోయినేడాది నీకు ఎదురుగా కూర్చుని చెప్పాను అన్నయ్యా. అప్పుడు నీ చెవుల్లో దూది లేదు."