పూచీ సంతకం

బొయెనోస్ ఐరెస్‌లో అద్దె ఇల్లు వెతకడమంటే ముందు పూచీ పడే మనిషిని వెతకడం. ఊళ్ళో సొంత ఇల్లున్నవాడు ఎవడో వచ్చి, ఈ మనిషి అద్దె ఎగ్గొడితే నా ఇంటిని పట్టుకోండని సంతకం పెట్టాలి. ఇల్లు లేనివాళ్ళు ఇల్లున్నవాళ్ళ గుమ్మం ముందు నిలబడాలన్నమాట. ఈ రివాజు ఎవరు పెట్టారంటే ఎవరూ చెప్పరు.

నేలిదాకి ఇది తెలియక కాదు. బళ్ళో పిల్లలకి వండిపెట్టే ఆమెకి పూచీ పడేవాడు ఒక్కడే ఉన్నాడు, చనిపోయిన మొగుడి అన్న రూబెన్. పోయినసారి సంతకం పెట్టేముందు ఆయన ఒక పూటంతా నీతులు చెప్పాడు. అవి మళ్ళీ వినలేక ఆమె, అక్కడ సెప్టెంబరులో మొదలయ్యే వసంతకాలమంతా వాయిదాలతో గడిపేసింది. ఫిబ్రవరి ఆఖరుకి ఇప్పుడున్న ఇంటి ఒప్పందం అయిపోతుంది. కొడుక్కి ఇల్లు కావాలని ఓనరమ్మ ఎప్పుడో చెప్పేసింది. ముందు మీ బావగారిని పట్టుకో, ఇల్లు తర్వాత చూద్దువుగాని అని తోటి వంటామె తెరెసిత చలికాలం నుంచే పోరుతోంది. జనవరి నడివేసవిలో ఊరంతా సెలవులకి సముద్రానికి పోతుంది కదా, పోటీ లేకుండా తీరిగ్గా చూసుకోవచ్చని నేలిదా లెక్క.

లెక్క సగం నిజమే అయింది. బర్రాకాస్ పేటలో, కూతురి బడికి దగ్గర్లో, రెండు గదులూ చిన్న పెరడూ ఉన్న ఇల్లు దొరికింది. శుక్రవారంలోగా పూచీ తెమ్మన్నాడు ఏజెంటు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఊరంతా సముద్రానికి పోయినప్పుడు పూచీ పడేవాడు కూడా పోతాడన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టింది. సెలవుల్లో రూబెన్ ఫోను ఎత్తే రకం కాదు. బస్సెక్కి, ఆయన సెలవులు గడిపే సముద్రపు ఊరు మిరమార్ పోయింది.

ఇసుకలో గుడారం కింద, నిక్కరులో కూర్చుని, సొరకాయ బుర్రలో తాగే మాతే ఆకు కషాయం కాచుకుంటున్నాడాయన. మొదటి బుర్ర తను తాగి, రెండోది ఆమెకిచ్చి, సంగతంతా విన్నాడు.

"ఆలస్యం చేశావమ్మా. మా ఆవిడ మేనకోడలు యమీలా అక్టోబరులోనే వచ్చి అడిగింది. మాటిచ్చేశాను."

ఇద్దరికీ పెట్టకూడదా అని అడిగింది. ఒకే ఇంటి మీద రెండో పూచీ అంటే ఏ ఏజెంటూ ఒప్పుకోడన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ పిల్ల ఇంకా ఇల్లు చూసుకోలేదులే. నువ్వు ఊ అను, దానికి లేదని చెప్పేస్తాను. ఎంతైనా నువ్వు మా తమ్ముడి పెళ్ళానివి."

ఊ అనే మాట ఆమె నాలుక దాకా వచ్చింది. యమీలా క్షౌరశాలలో పని చేస్తుంది, చంటిపిల్లాడితో పుట్టింటి హాల్లో పడుకుంటుంది. రూబెన్ పెద్ద దొరేం కాదు, ఒక్క అపార్టుమెంటు ఉన్న పింఛనుదారు. ఆ ఒక్కటీ చాలు, ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరికి కప్పు ఉండాలో నిక్కరులో కూర్చుని తేల్చేస్తాడు.

"నేను చెప్తా. ఫోనివ్వండి," అంది.

ఆ చెడ్డమాట తను చెప్పక్కర్లేదని ఆయన సంతోషంగా ఇచ్చాడు.

"యమీలా, మీ మామయ్య సంతకం ఒక్కటే. నేను చూసిన ఇంట్లో గదులు రెండు. ఒకటి నీది, ఒకటి మాది. ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉంటాయి."

అవతల పిల్లాడి ఏడుపు వినిపించింది.

"వీడు రాత్రంతా ఇంతే అక్కా."

"ఏడవనీ. నా కూతురు గురక పెడుతుంది."

"ఎండ తగిలే గది ఎవరిది?"

"చూశాక కొట్టుకుందాం."

రూబెన్ ముఖం ఎర్రబడింది. తనని ఒక్క మాట అడగలేదే అన్నాడు.

"ఒక్క పూచీయే అన్నారుగా బావగారూ. ఒక్కటే అడుగుతున్నాం. శుక్రవారంలోగా మీరు ఊళ్ళో ఉండాలి."

సెలవులన్నీ పాడయ్యాయని సణుగుతూ ఆయన భార్యవైపు తిరిగాడు. ఆవిడ చాప మీద బోర్లా పడుకుని ఉంది. కళ్ళు తెరవకుండానే, రేపటి బస్సుకి టికెట్టు తీసుకొమ్మంది.