నానమ్మ పిలిచిన పిచ్చుక

నాలుగేళ్ళ తర్వాత ఇంటికొచ్చిన మనవరాలి చెయ్యి పట్టుకుని, నానమ్మ ముందుగా నడిమి వేలు వెతుక్కుంది. ఆ వేలి కొసని తన బొటనవేలితో రెండుసార్లు రుద్ది చూసింది. తర్వాత ఆ చేతిని ఎంతో మర్యాదగా తిరిగి ఇచ్చేసి, "మీరు ఎవరి తాలూకమ్మా?" అని అడిగింది.

పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాన్న నేలచూపులు చూశాడు. అమ్మ కంగారుగా నవ్వి, అత్తయ్యకి నిద్రమత్తు ఇంకా వదల్లేదని చెప్పి, కూతుర్ని లోపలి గదిలోకి తీసుకుపోయింది. అప్పటికి మధ్యాహ్నం పన్నెండయింది. పన్నెండింటికి ఏం నిద్రమత్తని అడగాల్సింది. ప్రయాణం బడలికలో ఆ ప్రశ్న మనవరాలికి తట్టలేదు.

ఆమెని చిన్నప్పటి నుంచీ ఇంట్లో పిచ్చుక అనేవారు. తెల్లారింది మొదలు నోరు మూతపడదని నానమ్మ పెట్టిన పేరు అది. మనమూ పిచ్చుక అనే పిలుద్దాం. ఆ పేరుతో ఆమెని పిలిచేవాళ్ళు ఇప్పుడు బొత్తిగా కరువయ్యారు కాబట్టి, మనమైనా పిలవాలి.

వాళ్ళది దర్జీల ఇల్లు. వీధి వైపు గదిలో రెండు కుట్టుమిషన్లు, గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, ఇస్త్రీ బల్ల. వెనక నడిమి గదిలో నానమ్మ మంచం. ఆ ఇంట్లో ఒక మొండి పద్ధతి ఉంది. చేత్తో కుట్టేటప్పుడు సూదిని వెనక నుంచి నెట్టడానికి లోకంలో దర్జీలంతా వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుంటారు. ఈ ఇంట్లో పెట్టుకోరు. తొడుగు పెడితే గుడ్డ చెప్పే మాట వేలికి వినపడదని నానమ్మ సిద్ధాంతం. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఎదురు చెప్పిన వాళ్ళు లేరు. అందువల్ల ఆ ఇంట్లో సూది పట్టిన ప్రతి మనిషికీ నడిమి వేలి కొస కాయ కాచి ఉంటుంది. కళ్ళు పూర్తిగా పోయి, చెవులు కూడా సగం మొరాయించాక, నానమ్మ తన వాళ్ళని ఆ కాయతోనే పోల్చుకునేది.

చొక్కాలకి కాజాలు కుట్టీ కుట్టీ పిచ్చుకకి పదేళ్ళకే ఆ కాయ వచ్చింది. విదేశం వెళ్ళాక మాత్రం సూది ముట్టలేదు. అక్కడ ఆమె చదివింది బట్టల మన్నిక గురించి. గుడ్డముక్కని యంత్రానికి తగిలించి, ఎంత లాగితే చిరుగుతుందో తేల్చడం పని. "దానికి నాలుగేళ్ళెందుకు? మీ లావుపాటి మామయ్యకి ప్యాంటు కుట్టి ఇస్తే నాలుగు రోజుల్లో తెలిసిపోతుందిగా" అని వెళ్ళేముందు నాన్న ఎగతాళి చేశాడు. ఆ నాలుగేళ్ళలో వేలు మెత్తబడిపోయింది.

మొదటి వారమంతా పిచ్చుక ఆ ఇంట్లో అద్దెకొచ్చిన మనిషిలా తిరిగింది. గది తనదే, మంచం తనదే, కానీ పరుపు మధ్య గుంట వేరే ఒంటికి పడింది. ఆమెది వెల్లకిలా కాళ్ళు బారజాపి పడుకునే అలవాటు. ఆ గుంటలో ఎవరో ఒక పక్కకి తిరిగి ముడుచుకుని పడుకున్నారు, ఒకటి రెండు రోజులు కాదు, ఏళ్ళ తరబడి. విరిగిన కిటికీ గొళ్ళేన్ని ఎవరో నల్లదారంతో కట్టారు. ఆ ముడి విప్పడం ఆమెకి చేతకాలేదు. గోడ మీది అద్దం జానెడు కిందికి దిగింది, మొహం చూసుకోవాలంటే మోకాళ్ళు వంచాలి. భోజనాల దగ్గర అమ్మ ఆమె కంచం అంచున ఉప్పు వేసి, నీకు ఉప్పు దండిగా ఉండాలి కదా అంది. ఉప్పు ఎక్కువైతే ముద్ద దిగని పిల్ల అని ఒకప్పుడు నలుగురికీ చెప్పుకున్నది ఆ తల్లే. ఇంకో రోజు బట్టలు మడత పెడుతూ, పోయిన వానల్లో కప్పు కారినప్పుడు నానమ్మ మంచం ఈ గోడకి జరిపింది నువ్వేగా అని, అంతలోనే నాలిక్కరుచుకుంది. పోయిన వానల్లో పిచ్చుక సముద్రానికి అవతల ఉంది.

అన్నిటికంటే సాయంకాలాలు భయపెట్టేవి. దీపాలు వెలిగే వేళకి నడిమి గదిలోంచి "పిచ్చుకా" అని పిలుపు వచ్చేది. పరాయి దేశంలో, పరాయి గదిలో కూర్చుని ఏ పిలుపు కోసం చెవి కోసుకుందో అదే పిలుపు. పరుగున వెళ్ళి, వచ్చాను నానమ్మా అంటే, చూపులేని ఆ మొహం ఆమెని దాటి గుమ్మం వైపు తిరిగేది. "మీరు కాదమ్మా. మా పిచ్చుకని పిలుస్తున్నాను" అనేది నానమ్మ. ఆ మాట విన్నప్పుడల్లా, తను ఎప్పుడో చచ్చిపోయిందనీ, ఆ సంగతి తనకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసనీ అనిపించేది.

గుర్తు చెబితే పోల్చుకుంటుందేమోనని చిన్ననాటి ముచ్చట ఒకటి ఎత్తుకుంది. ఆరేళ్ళప్పుడు సూది కనపడకపోతే, పిల్ల మింగేసిందని ఇల్లంతా గొల్లుమంటే, చివరికది నానమ్మ కొప్పులోనే దొరికిన కథ. చెవి దగ్గర నోరు పెట్టి పూసగుచ్చినట్టు చెప్పింది. నానమ్మ పడీపడీ నవ్వింది. మా పిచ్చుక మీకు ఇదంతా చెప్పేసిందన్నమాట, దాని నోట్లో నువ్వుగింజ నానదు అంది.

ఎనిమిదో రోజున పిచ్చుక ఇస్త్రీ బల్ల దగ్గర అమ్మని నిలదీసింది. అమ్మ చాలాసేపు ఒకే కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పి తిప్పి, చివరికి దాన్ని పక్కన పెట్టి చెప్పింది. రెండేళ్ళ కిందట నానమ్మకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఆవిడ తిండికి నోరు తెరవలేదు. పిచ్చుక వస్తేనే తింటానని పట్టుపట్టింది. అప్పటికే కాజాలు కుట్టడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. నా అన్నవాళ్ళు లేని పిల్ల, ఇంట్లోనే ఉండి, ఇంటి పద్ధతిలోనే తొడుగు లేకుండా పని నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం పాలు తాగించబోతే నానమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. వేలి కాయ తగిలింది. వచ్చావటే అని బావురుమని, గ్లాసెడు పాలూ తాగేసింది.

"మూడు రోజులుగా చుక్క దిగలేదు. ఎలా కాదనను?" అంది అమ్మ. "అవునత్తయ్యా, వచ్చింది అన్నాను. ఆ ఒక్క పూటకే అనుకున్నాను."

ఆ ఒక్క పూట రెండేళ్ళు నడిచింది. అబద్ధానికి తోడు అబద్ధం కావాలి కదా. ఆ పిల్లని పిచ్చుక గదిలో పడుకోబెట్టారు. మొదట్లో నానమ్మకి వినపడాలని పిచ్చుక అని పిలిచారు, తర్వాత అలవాటై పిలిచారు. ఆదివారం విదేశం నుంచి ఫోనొస్తే పెరట్లోకి తీసుకుపోయి మాట్లాడి, నానమ్మ నిద్రపోతోందని చెప్పారు. అసలు మనిషి వస్తోందని తెలియగానే, ఆ పిల్లకి రెండు జతలు కొత్తబట్టలు కుట్టిపెట్టి, పక్క జిల్లాలో యూనిఫారాలు కుట్టే చోట పని చూసి పంపేశారు. దర్జీలు కదా, అతుకు ఊడదీసి అదే చోట అసలు గుడ్డ పెడితే తేడా తెలియదనుకున్నారు. అమ్మ ఇదంతా చెబుతున్నంతసేపూ నాన్న మిషను ముందు తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు.

పిచ్చుకకి కోపం వచ్చింది. నా బతుకు ఎవరికో తొడిగేస్తారా అని అరిచింది కూడా. కానీ ఆ కోపం వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. రెండేళ్ళపాటు ఏ ఆదివారం ఫోను చేసినా నానమ్మ నిద్రలోనే ఉందంటే, ఒక్కసారి లేపండి అని తను అనలేదు. నిజం చెప్పాలంటే, వినపడని మనిషితో అరిచి మాట్లాడే పని తప్పిందని ప్రాణానికి హాయిగా ఉండేది.

మర్నాటి నుంచి సూది పట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ గెలిచొచ్చి, ఇంట మళ్ళీ ఓనమాల దగ్గర కూర్చుంది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కాజాలు. మొదట వేలు పొక్కింది, తర్వాత చిట్లింది, తెల్ల చొక్కా ఒకటి రక్తం మరకతో పాడైంది. నాన్న కొత్త గుడ్డ తీసి ఆ చొక్కా మళ్ళీ కుట్టాడు. అటు నానమ్మ తిండి రోజుకింత తగ్గుతూ వచ్చింది. పిచ్చుక మేనత్త ఇంటికి వెళ్ళిందని ఆవిడకి చెప్పారు. మొదటిసారి కూడా నేను నిద్రపోతుంటే చెప్పకుండా వెళ్ళింది, ఇప్పుడూ అంతే అని ఆవిడ గోడ వైపు తిరిగి పడుకునేది. మొదటిసారి అలా వెళ్ళింది నిజంగా పిచ్చుకే. ఏడుస్తుందేమో, తనని ఏడిపిస్తుందేమో అని భయపడి, నిద్రలో ఉండగా జారుకుంది.

ఇరవై రోజులకి వేలు గట్టిపడింది. ఆ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, తన వేలు తనే నానమ్మ చేతిలో పెట్టింది. నానమ్మ చాలాసేపు తడిమింది. "కొత్త కాయ" అంది నానమ్మ. "పని నేర్చుకుంటున్నారా అమ్మా? మంచిది."

ఆ రాత్రి నుంచి పాలు కూడా మానేసింది. డాక్టరొచ్చి చూసి, ఒంట్లో చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదనీ, ఇలాగే ఉంటే మాత్రం వారం కంటే ఎక్కువ నిలవదనీ చెప్పాడు. అమ్మ గోడకి చేరగిలబడి ఏడ్చింది. పిచ్చుక చెప్పులేసుకుని, ఆ పిల్ల పనిచేసే ఊరి బస్సెక్కింది.

రెండు గంటల ప్రయాణం. ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి. ఆ పిల్లని తెస్తే నానమ్మ తింటుంది, బతుకుతుంది. ఒకసారి తెచ్చాక మళ్ళీ పంపడానికి ఉండదు. నానమ్మ ఉన్నంతకాలం ఆ పేరు ఇంకొకరిది. నానమ్మ పోయేరోజున కూడా ఆ చెయ్యి వెతుక్కునేది తన చెయ్యి కాదు. ఇదంతా ఆమెకి బస్సులోనే తెలుసు. తిరిగి వెళ్ళిపోదామా అని రెండుచోట్ల లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది.

యూనిఫారాల షెడ్డులో వరసగా నలభై మిషన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. చివరి వరసలో పొట్టిగా, బక్కగా ఒక అమ్మాయి లేచి నిలబడింది. రెండేళ్ళూ ఇంట్లో పిచ్చుక ఫోటో రోజూ చూసింది కాబట్టి, చూడగానే పోల్చుకుంది.

"తిన్నదా?" ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది.

లేదని పిచ్చుక తల ఊపింది. అమ్మాయి చెయ్యి చాచి మిషను ఆపేసింది. ఇద్దరూ షెడ్డు బయట నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డారు. తిట్టడానికి దాచుకున్న మాటలు పిచ్చుకకి ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేను నాటకం ఆడలేదక్కా" అంది అమ్మాయి. "ఆవిడ పిలిచేది, నేను పలికేదాన్ని. అంతకు ముందు నన్నెవరూ అలా పిలవలేదు." తొట్టిలో చేతులు కడుక్కుంటూ, "మీరొచ్చారుగా, మరి నేనెందుకు? నాలుగు రోజులాగి మళ్ళీ పంపిస్తే ఆవిడ ఈసారి తట్టుకోదు. నేనూ తట్టుకోలేను" అంది.

"పంపించం" అంది పిచ్చుక.

వాళ్ళు ఇల్లు చేరేసరికి ఎండ వాలుతోంది. నాన్న మిషను ఆపి లేచి నిలబడ్డాడు. అమ్మాయి ఎవరినీ పలకరించకుండా తిన్నగా నడిమి గదిలోకి వెళ్ళి, మంచం మీద నానమ్మని ఆనుకుని ముడుచుకుని కూర్చుంది. నానమ్మ చెయ్యి వెతికింది, వేలు పట్టుకుంది. గోడ వైపున్న మొహం మెల్లగా ఇటు తిరిగింది. దొంగపిల్లా, మళ్ళీ చెప్పకుండా వెళతావా అని ఆ వేలుని చెంపకి ఆనించుకుంది. అమ్మ పరుగున పాలు తెచ్చింది. అమ్మాయి పట్టుకుంటే గుక్క తర్వాత గుక్క, గ్లాసంతా తాగింది.

పిచ్చుక గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. నానమ్మ బతుకుతుందన్న సంతోషమూ, గుండె చెరువైపోయే దుఃఖమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు. అడుగు కదిలిన చప్పుడు నేల అదురులో తెలిసిందేమో, నానమ్మ తల ఎత్తింది.

"ఎవరే అది గుమ్మంలో?"

అమ్మాయి బిక్కమొహంతో పిచ్చుక వైపు చూసింది. నిజం చెప్పేయనా అన్నట్టు పెదవులు కదిలాయి. పిచ్చుక వద్దని తల అడ్డంగా ఊపి, దగ్గరకొచ్చి నానమ్మ చెవి పక్కన వంగింది.

"నేనేనండీ. మొన్నటి నుంచి ఉంటున్నానే. ఇంకొన్నాళ్ళు ఉంటాను."

"ఉండమ్మా, ఉండండి" అంది నానమ్మ. కడుపు నిండిన గొంతు, ఎప్పటిలా దయగా ఉంది. "మీ వాళ్ళు ఎదురుచూడరూ?"

"చూశారండీ. చాలాకాలం చూశారు."

"మరి?"

"నేనే ఆలస్యంగా వచ్చాను."

అయ్యో తల్లీ అని నానమ్మ గాలిలో చెయ్యి చాచి, దొరికిన భుజాన్ని రెండుసార్లు తట్టింది. అమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

"పిచ్చుకా," అంది నానమ్మ, "ఈ అమ్మాయికి కూడా భోజనం పెట్టమని మీ అమ్మతో చెప్పు."

పిలుపు వినగానే అలవాటు కొద్దీ ఆమె నోరు తెరుచుకుంది. మంచం మీది అమ్మాయి "అలాగే నానమ్మా" అని పలికింది.