తలుపు లేని గది

మూడో అంతస్తులో కుట్టుపని చేసే అక్క గదికి తలుపు ఊడదీసిన రోజున మేమంతా అక్కడే ఉన్నాం. చూస్తూ నిలబడ్డాం. పట్టపగలు, పదిమంది కళ్లెదుట, మేనేజరు మనుషులిద్దరు ఆ తలుపును శవాన్ని మోసినట్టు మెట్ల మీదుగా మోసుకుపోయారు. లోపల పక్షవాతంతో మంచం పట్టిన ఆమె అత్త, కదిలే ఒక్క చేత్తో దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది.

అద్దె రెండింతలు చేశామనీ, ఇవ్వలేనివాళ్లు ఖాళీ చేయాలనీ యజమాని నోటీసు పంపాడు. వెళ్లేది లేదని మొదట చెప్పింది అక్క. మర్నాడే మరమ్మతు నెపంతో ఆమె తలుపు పోయింది. తలుపు లేని గదిలో ఇద్దరు ఆడవాళ్లు ఎన్నాళ్లుండగలరు? కోర్టుతో పనిలేదు, లాఠీతో పనిలేదు. వాళ్లంతట వాళ్లే పోతారు.

మరలు విప్పింది మాత్రం మాలో ఒకడు. కింద గదిలో కాపురముండే వడ్రంగి బాబాయ్. రంగులు వేయాలి, తలుపు దింపమని మేనేజరు చెబితే, దింపి ఇంకో పనికి వెళ్లిపోయాడు. ఎందుకని అడగడం ఆయన పనిలో లేదు. అడగడం మా ఎవరి పనిలోనూ లేదు.

ఆదివారం మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య, సమావేశమయ్యాం. ఒక్కొక్కరం వెళ్లి యజమానిని బతిమాలుదామని రెండో అంతస్తు బస్సు కండక్టర్ అన్నాడు. ఇన్నేళ్లూ ఆ పనే చేశాం. ఒక్కొక్కరం వెళ్లాం, ఒక్కొక్కరం తలవంచుకుని తిరిగొచ్చాం. సంతకాలు పెడదామన్నారొకరు. ముందు పెట్టేదెవరన్న దగ్గర మాట ఆగిపోయింది. ఎండ వాలింది. నలభై గదుల వాళ్లం, నాలుగు మాటలు కలపలేకపోయాం. చివరికి అందరి కోపమూ బాబాయ్ మీద పడింది.

"ముప్పై ఏళ్ల పనివాడివి. ఎందుకు విప్పుతున్నావో తెలీలేదా?" అంది ఆసుపత్రి ఆయా.

అక్క లేచింది.

"మీరు తేల్చుకోండి. నేను కిందికెళ్లి అత్తమ్మకి ఒళ్లు తుడవాలి. ఇద్దరొచ్చి గుమ్మానికి చీర అడ్డం పట్టుకుంటే చాలు నాకు."

ఆ మాటకు ఎవరూ తలెత్తలేకపోయారు. ఆయా వెళ్లింది, వెనకే కండక్టర్ భార్య వెళ్లింది. చీర పట్టుకున్న చేతులు లాగేశాయి; లోపల ముసలామె ఏడుపు వినిపించింది. చీరకు ఇవతల నిలబడి మేం విన్నాం.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ తన గది తలుపు విప్పి, వీపున మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కాడు. ఆ గుమ్మానికి అది రెండు వేళ్లు పొడుగైంది. చిత్రిక పట్టాడు, సరిచూశాడు, మళ్లీ పట్టాడు. పొట్టు మెట్లన్నిటి మీదా రాలింది. తలుపు బిగిసింది.

"రేపు దీన్నీ పీక్కుపోతారు బాబాయ్," అంది అక్క. ఆ గొంతులో క్షమ లేదు.

"పైకి రాగలిగితే కదమ్మా."

ఆ రోజంతా ఆయన గది గదికీ తిరిగి, తుప్పుపట్టిన మరకు ముందు నూనెచుక్క వేయాలనీ, మెల్లగా తట్టాలనీ, ఆ తర్వాతే తిప్పాలనీ నేర్పాడు. అందరికంటే ఆలస్యంగా, గొణుక్కుంటూ, కండక్టర్ కూడా తన తలుపు విప్పాడు. మర్నాడు ఆ సంగతి తెలిసి పోలీసులతో మేనేజరు వచ్చేసరికి, భవనంలో తలుపున్న గది ఒక్కటే. మిగతా తలుపులన్నీ మెట్ల మీద అడ్డంగా పేర్చివున్నాయి. వాటి మీద మేం కూర్చున్నాం.

దారివ్వమన్నాడు పోలీసు అధికారి. మేం కదల్లేదు. యజమాని ఆస్తి దొంగిలించిందెవరని గద్దించాడు.

"తలుపులు పీకడం మీ దగ్గరే నేర్చుకున్నాం సార్," అన్నాడు కండక్టర్, మేనేజరు వైపు తిరిగి.

ఒక్కడినైనా తీసుకుపోకుండా వాళ్లు వెళ్లేలా లేరు. బాబాయ్‌ని పట్టుకున్నారు. ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, పైమెట్టు మీద కూర్చున్న అక్కకు అందించాడు.

"నీ తలుపు కింది బందుకు ఒక మర వదులుగా ఉంది. బిగించుకో అమ్మా."

ఆమె అందుకుంది. "నువ్వొచ్చేదాకా ఈ మెట్లు ఖాళీ చెయ్యం బాబాయ్," అంది.

వ్యాను కదిలింది. మేం కదల్లేదు. మధ్యాహ్నానికి, అదే యజమానికి చెందిన ఎదుటి భవనం నుంచి ఇద్దరు ఆడవాళ్లు వీధి దాటి వచ్చారు. మెట్ల కింద ఆగి, తలుపుల గుట్టను కింది నుంచి పైదాకా చూశారు.

"మాకూ నోటీసులొచ్చాయక్కా," అంది వాళ్లలో పెద్దామె. "ఆ స్క్రూడ్రైవర్ ఒకసారి ఇస్తావా?"